పెద్దవాళ్ళు వెనక కూర్చునే బడి

లండన్ వెళ్ళివచ్చానని తెలిసి ఇంటికి వచ్చినవాళ్ళంతా ముందు అడిగేది పెద్ద గడియారం చూశావా, రాణిగారి కోట చూశావా అని. చూశాను. గడియారం ముందు గొడుగు పట్టుకుని ఫొటో కూడా దిగాను. అందులో గొడుగు బాగా వచ్చింది. కానీ ఆ ప్రయాణంలో నాకు గుర్తుండిపోయిన చోటు అది కాదు. యూదుల పిల్లలు ఆదివారం పొద్దున చేరే ఒక మామూలు హాలు. అక్కడ నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కొన్నాళ్ళు రాయకుండా ఊరుకుంటే ఆ సిగ్గు తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు, అందుకని రాస్తున్నాను.

నేను బాపట్లలో హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా తమ్ముడు రవి లండన్ శివార్లలో స్టాన్‌మోర్ అనే చోట ఉంటాడు, ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. మా మరదలు మాధవి స్లౌ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆ స్లౌలోనే మనవాళ్ళు కొందరు కలిసి ఒక హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు పిల్లలకు తెలుగు నేర్పిస్తున్నారు. చిన్నపిల్లలు బాగానే వస్తారట. పన్నెండు, పదమూడేళ్ళు రాగానే మాయమైపోతారట. "అక్కయ్యా, నువ్వు జన్మంతా పిల్లల్తోనే గడిపావు. ఒకసారి వచ్చి చూసి, ఏం చెయ్యాలో మావాళ్ళకి చెప్పు" అని రవి టికెట్టు పంపాడు. మా ఆయన షుగరు మనిషి, ఎక్కువ రోజులు వదిలి ఉండలేను. ఒక గురువారం దిగి, ఆ పై వారం ఆదివారం రాత్రి విమానానికి తిరుగు ప్రయాణం పెట్టుకున్నాను.

స్టాన్‌మోర్

అక్టోబరు నెల. చెట్లన్నీ ఎర్రబడి ఉన్నాయి. వాన మన వానలా పడి వెళ్ళిపోదు, రోజంతా సన్నగా పడుతూనే ఉంటుంది. మొదటిరోజే నేను ఒక ఘనకార్యం చేశాను. కాసేపు ఎండ కనబడేసరికి తలస్నానం చేసి, ఉతికిన నేత చీరను ఇంటి ముందున్న చెక్క కంచె మీద ఆ చివర్నుంచి ఈ చివరికి ఆరేసి లోపలికొచ్చి నిద్రపోయాను. లేచేసరికి వాన. చీర లేదు. లండన్‌లో దిగిన రోజే చీర పోగొట్టుకున్నానని దిగులుపడుతూ కూర్చుంటే తలుపు కొట్టారు. యాభై ఏళ్ళావిడ, పొట్టి జుట్టు, చేతిలో నా చీర చక్కగా మడతపెట్టి ఉంది. తడవకుండా తీసి లోపల పెట్టిందట. మడతలు కూడా అంచు పైకి వచ్చేలా వేసింది.

ఆవిడ పేరు జూడిత్, పక్కింటావిడ. వాళ్ళు యూదులు. ఆ చుట్టుపక్కల యూదుల కుటుంబాలు చాలా ఉన్నాయి, మన గుజరాతీల ఇళ్ళూ అంతే. జూడిత్ వాళ్ళ ప్రార్థనా మందిరంలో, అంటే సినగాగ్‌లో, టీనేజి పిల్లల కార్యక్రమాలన్నీ చూసుకుంటుంది. నేను ఎందుకొచ్చానో రవి ముందే చెప్పి ఉంచాడట. "మీకున్న జబ్బే మాకూ ఉండేది" అంది నవ్వుతూ. వాళ్ళలో పిల్లవాడికి పదమూడేళ్ళు రాగానే మన ఒడుగులాంటి వేడుక ఒకటి చేస్తారు, ఆడపిల్లకైతే పన్నెండుకే. ఆ రోజు పిల్లలు తమ గ్రంథంలోంచి అందరి ముందూ చదవాలి. "చదివేవాళ్ళు, బహుమతులు తీసుకునేవాళ్ళు, ఇక మళ్ళీ మా ముఖం చూసేవాళ్ళు కారు" అంది. మరి ఏం చేశారని అడిగాను. "వచ్చి చూడండి. రేపు రాత్రి మాత్రం మా ఇంట్లో భోజనం."

మా మేనకోడలు సహస్ర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పదిహేనేళ్ళది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. అన్నం తిన్నావా అంటే "యా, ఐ హ్యాడ్ పాస్తా, అత్తా" అంటుంది. ఆ వాక్యంలో తెలుగంటే నేనొక్కదాన్నే. అయినా మాధవి నన్ను వంటింట్లోకి పిలిచి, పెద్ద రహస్యంలా ఒక సంగతి చెప్పింది. హాఫ్ టర్మ్ సెలవులయ్యాక స్లౌ బడిలో చిన్నపిల్లల తరగతి సహస్ర తీసుకుంటానందట. "ఒప్పించడానికి ఏడాది పట్టింది వదినా. ఇది వస్తే ఇంకో నలుగురు ఫ్రెండ్స్ వస్తారు. వాళ్ళొస్తే బడి నిలబడుద్ది. నువ్వు మాత్రం దాన్ని ఏం అనమాక." నేనెందుకంటానని కాస్త నొచ్చుకున్నాను కూడా.

శుక్రవారం బల్ల

ఒకరింటికి భోజనానికి వెళుతూ చేతులూపుకుంటూ వెళ్ళడం మన ఇంటా వంటా లేదు. స్టీలు డబ్బా నిండా పులిహోర కలిపి తీసుకుని రవి వాళ్ళతో వెళ్ళాను. జూడిత్ దాన్ని రెండు చేతులతో అందుకుని, వాసన చూసి, ఆనందంగా హాలులోని చిన్న బల్ల మీద పెట్టేసింది. వంటింట్లోకి తీసుకువెళ్ళలేదు. తమ నియమాల ప్రకారం బయట వండినవి ఆ వంటింట్లోకి రాకూడదట, ఏమీ అనుకోవద్దని మెల్లగా చెప్పింది. నాకు చిర్రెత్తింది. చింతపండూ నూనే తప్ప అందులో ఏముంది తప్పు? కుర్చీలో కూర్చున్నాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. స్కూలు బట్టలతో వంటింటి గడప మీద కాలు పెడితే మడి పోయిందని ఊరంతా వినబడేలా అరిచేది. ఆవిడ ఈ వంటిల్లు చూస్తే మెచ్చుకుని ఉండేది. ఆ తలపు రాగానే కోపం పోయింది. పులిహోర తిరిగి వచ్చాక రవి తిన్నాడు.

చీకటి పడేముందు జూడిత్ కొవ్వొత్తులు వెలిగించి, అరచేతులతో కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంది. ఆమె భర్త సైమన్‌కి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆయన తమ కూతురు మిరియమ్ తల మీద చేతులు పెట్టి దీవించాడు. మన పిల్లలైతే వంగి కాళ్ళకు మొక్కితేగాని దీవెన రాదు. ఇక్కడ పిల్ల నిలబడే ఉంది, తండ్రే దగ్గరికి నడిచి వచ్చాడు. జడలా అల్లిన రొట్టెలు రెండు, వాటి మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది. మాకోసం ఆ రోజు మాంసం పూర్తిగా మానేసి, బంగాళాదుంపలు గుడ్లతో కలిపి కాల్చినదొకటి చేశారు. నేను గుడ్డు తిననని రవి చెప్పడం మరిచిపోయాడు. రొట్టె, సలాడ్, వంకాయ కూరలాంటిదొకటి తిన్నాను, ఆ వంకాయ బాగుంది.

భోజనం మధ్యలో పదహారేళ్ళ మిరియమ్ తండ్రితో వాదనకు దిగింది. ఆ వారం వాళ్ళు చదవవలసిన భాగంలో ఒక పెద్దాయన జలప్రళయం వస్తుందని తెలిసి తన కుటుంబాన్ని మాత్రం కాపాడుకున్నాడట. ఇరుగుపొరుగును హెచ్చరించనివాడు మంచివాడెలా అయ్యాడని పిల్ల అడుగుతోంది. తండ్రి ఏదో జవాబు చెబితే "అది జవాబు కాదు" అంది. మా ఇంట్లో ఆ మాటకు వీపు పగిలేది. సైమన్ మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని, "అయితే నీ జవాబు చెప్పు" అని చెవి ఒగ్గి కూర్చున్నాడు. పక్కన మా సహస్ర చెంచా పట్టుకుని తినడం మరిచిపోయి చూస్తోంది.

వెళ్ళేముందు జూడిత్ తాము చేసిందేమిటో ఒక్క మాటలో చెప్పింది. "హాలు తాళాలు వాళ్ళకిచ్చేశాం." ఆదివారం పొద్దున తలుపు తీసేది, కుర్చీలు వేసేది, చిన్నపిల్లలకు చెప్పేది, గొడవలు తీర్చేది అంతా పదిహేను, పదహారేళ్ళవాళ్ళే. పెద్దవాళ్ళు వెనక వరసలో కూర్చోవచ్చు. నోరు మాత్రం తెరవకూడదు. "అదే అందరికంటే కష్టమైన భాగం" అంది సైమన్ వైపు చూసి. నాకేం కష్టం, నోరు మూసుకుని కూర్చోవడమూ ఒక పనేనా అనుకున్నాను.

వెంబ్లీ

శనివారం యూదులకు విశ్రాంతి దినం. కారు తియ్యరు, పొయ్యి వెలిగించరు. పొద్దున కిటికీలోంచి చూస్తే జూడిత్ కుటుంబమంతా మంచి బట్టలు వేసుకుని వానలో నడిచి సినగాగ్‌కు వెళుతోంది. మేం మాత్రం సంతకి పోయినట్టు వెంబ్లీ వెళ్ళాం. అక్కడ అడుగడుగునా గుజరాతీ కొట్లు. మునక్కాడలు మూడు కట్ట కట్టి పౌను పైన చెప్పాడు. మా పెరట్లో మునగచెట్టు కాయలు కోసేవాళ్ళు లేక ఎండిపోతుంటాయని నాకు ప్రాణం ఉసూరుమంది. ఒక హోటల్లో మసాలా దోసె తిన్నాం. దోసె బాగుంది, సాంబారులో పంచదార వేశారు.

దోసె తింటూ సహస్ర ఉన్నట్టుండి నన్ను "అత్తా, చద్దన్నంలోకి ఏం పచ్చడి?" అని అడిగింది. తెలుగులో. నా చేతిలో ముక్క చేతిలోనే ఆగిపోయింది. గోంగూర అన్నాను. తల ఊపింది. తర్వాత రవి చెబితే తెలిసింది, మరుసటి రోజు జూడిత్ వాళ్ళ హాలులో 'మా అమ్మమ్మలు, నాన్నమ్మలు చెప్పిన కథ' అనే కార్యక్రమం ఉందట. వేరే మతాల పిల్లలనూ పిలిచారట. ఎవరి నాన్నమ్మ భాషలో వాళ్ళు ముందు చెప్పి, తర్వాత తామే ఇంగ్లీషులో చెప్పాలట. మిరియమ్ అడిగితే సహస్ర ఒప్పుకుంది. మా అమ్మ చెప్పిన కథ చెబుతుందట. ఐదేళ్ళ కిందట అమ్మ స్టాన్‌మోర్ వచ్చి ఆరు నెలలుంది, సహస్ర గదిలోనే పడుకునేది. అమ్మకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. కిందటేడు పోయింది.

ఆదివారం హాలు

సినగాగ్ గేటు దగ్గర ఇద్దరు తండ్రులు వానలో కాపలా నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్ళ పేరు అడిగి, సంచీ చూసి పంపుతున్నారు. దానికీ రోటా ఉందట, ప్రతి తండ్రికీ వంతు వస్తుందట. గుడికి వెళ్ళే పిల్లలకు కాపలా కాయవలసి రావడం నేను ఎన్నడూ ఎరుగను. ఆ నిలబడ్డ మనుషులు మాత్రం అదేమీ పట్టనట్టు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుంటున్నారు.

లోపల పిల్లల రాజ్యం. కుర్చీలు వాళ్ళే వేస్తున్నారు, వంకరగా వేస్తున్నారు, ఎవరూ సరిచేయడం లేదు. మమ్మల్ని వెనక వరసలో కూర్చోబెట్టి ఒక అమ్మాయి బిస్కట్లు ఇచ్చింది. మొదట మిరియమ్ తన ముత్తవ్వ కథ చెప్పింది. ఆవిడ పోలండ్ నుంచి వచ్చి లండన్ తూర్పు వాడలో బట్టలు కుట్టి బతికిందట. ఆవిడ మాట్లాడిన యిడ్డిష్ భాషలో మిరియమ్‌కు వచ్చినది కొంచెమే. నాలుగు వాక్యాల్లో మూడుసార్లు ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ హాలంతా ఊరికే ఎదురుచూసింది. వెనక వరసలో ఉన్న వాళ్ళ తాతగారికి ఆ మాట వచ్చు, ఆయన పెదవులు కదులుతున్నాయి. అయినా పైకి అనలేదు.

తర్వాత మా సహస్ర లేచింది. చేతులు జీన్స్ జేబుల్లో పెట్టుకుని మొదలుపెట్టింది. "మా నాన్నమ్మకి అప్పుడు పన్నెండేళ్ళు. అట్లతద్దె. ఇంకా తెల్లారలా. లేచి చద్దన్నం, గోంగూర పచ్చడి తింది. పిల్లలందరూ ఉయ్యాల కాడికి పోయారు."

తెల్లారలా, ఉయ్యాల కాడికి. అచ్చం మా అమ్మ మాటలు. అట్లతద్దె తెలియనివాళ్ళుండరు గానీ, ఆశ్వయుజంలో ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి, తిని, ఉయ్యాలలూగి, పగలంతా ఉపవాసముండి, చంద్రుణ్ణి చూశాక అట్లు తినే పండగ అది. మా అమ్మ గడ్డం మీద ఒక మచ్చ ఉండేది. చిన్నప్పుడు అట్లతద్దె ఉయ్యాల మీంచి పడి తగిలిన దెబ్బ అని మాకు వందసార్లు చెప్పింది.

సహస్ర కొనసాగించింది. "నాన్నమ్మ పోలా. నాన్నమ్మ ఏం చేసిందంటే..." అని ఆగింది. మాట దొరకలేదు. పైకప్పు వైపు చూసింది. హాలు ఎదురుచూసింది. మిరియమ్ ఎదురుచూసింది. నేను చూడలేకపోయాను. నా ఇంటి పిల్ల నలుగురిలో తడబడుతుంటే నా పరువు పోతున్నట్టుంది.

"పోలేదేంటే, పోయింది" అన్నాను వెనకనుంచి. "ఉయ్యాల మీంచి పడి గడ్డం పగలగొట్టుకుంది. చెప్పు."

సహస్ర నా వైపు చూసింది. "నో, అత్తా, అది..."

"నాకు తెలీదా? మా అమ్మ కథ నాకు చెప్తావా?" అని నవ్వుతూనే అన్నాను. అలా అంటూనే లేచాను, నడిచాను, ముందుకు వెళ్ళి నిలబడ్డాను. నేను పిల్లల ముందు ముప్ఫై ఏళ్ళకు పైగా నిలబడ్డదాన్ని. కాళ్ళకు అదే అలవాటు. అట్లతద్దె ఎందుకు చేస్తారో, మంచి మొగుడి కోసమని ఎలా నోము పడతారో, గౌరీదేవికి ఎన్ని అట్లు పెట్టాలో, ఉయ్యాల ఎలా కడతారో అన్నీ నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మా అమ్మ పడిన సంగతి చేతులు తిప్పి చూపించాను. పిల్లలు మర్యాదగా విన్నారు. చివర చప్పట్లు కూడా కొట్టారు. నేను సంతోషంగా వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. రవి నేలకేసి చూస్తున్నాడు. సహస్ర ఎప్పుడు కూర్చుందో నేను గమనించలేదు.

వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. అన్నీ అయ్యాక గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరూ చెప్పినవాళ్ళ దగ్గర తాము కొత్తగా విన్నదేమిటో చెప్పాలి. ఇందులో పెద్దవాళ్ళనూ వదలరు. సహస్ర కథ వంతు వచ్చింది. ఒక పిల్లవాడు పొద్దుపొడవక ముందే అన్నం తింటారని విన్నానన్నాడు. ఇంకో అమ్మాయి, "వాళ్ళ నాన్నమ్మ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో వినాలని ఉంది" అంది. ఆ నాలుగు తెలుగు ముక్కలను సహస్ర అప్పటికే పక్కపిల్లకు ఇంగ్లీషులో చెప్పి ఉంటుంది. "ఇట్ డజంట్ మ్యాటర్" అంది సహస్ర.

నా వంతు వచ్చింది. నాకు ఇవన్నీ ముందే తెలుసునని, ఆవిడ మా అమ్మేనని గర్వంగానే చెప్పాను.

మిరియమ్ వెక్కిరింపేమీ లేకుండా అడిగింది. "అయితే ఆ రోజు ఆవిడ ఉయ్యాల దగ్గరికి వెళ్ళలేదని మీకు ముందే తెలుసా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల అడిగేదాకా సహస్ర మాట నా చెవిలో పడలేదు. తప్పు చెబుతోందనుకున్నానే గాని, వేరే ఏదో చెబుతోందని అనుకోలేదు. ఆరు నెలలు ఒకే గదిలో పడుకుని మా అమ్మ మనవరాలికి ఏం చెప్పుకుందో నాకేం తెలుసు? అందరూ నా జవాబు కోసం ఎదురుచూశారు. సహస్ర కోసం ఎదురుచూసినట్టే ఎదురుచూశారు. "తెలియదు" అన్నాను. ఆ గదిలో నేనన్న నిజమైన మాట అదొక్కటే.

ఇంటికి వచ్చాక రవిని అడిగాను, అమ్మ మచ్చ సంగతి నీకేమైనా వేరేగా చెప్పిందా అని. "ఉయ్యాల మీంచి పడిందనేగా" అన్నాడు. వాడికీ తెలియదు. సాయంత్రం సహస్ర కిందికి దిగి వచ్చి, హాఫ్ టర్మ్ తర్వాత తాను తరగతి తీసుకోనని తల్లితో ఇంగ్లీషులో చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది. మాధవి గిన్నెలు కడిగి, తుడిచి, తుడిచినవే మళ్ళీ తుడిచింది. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

బేసింగ్‌స్టోక్

వారం మధ్యలో రవి స్నేహితుడింటికి భోజనానికి వెళ్ళాం. బేసింగ్‌స్టోక్ అంతా ఆఫీసులు, గుండ్రని కూడళ్ళు. కారు లేనివాడు అక్కడ బతకలేడు. గోంగూర పప్పు, చేపల వేపుడు, నాకు వేరేగా దొండకాయ. అంతా చక్కగానే ఉంది. అన్నాలయ్యాక ఆ ఇంటావిడ ఎనిమిదేళ్ళ కొడుకును నా ముందు నిలబెట్టింది. "ఆంటీకి పద్యం చెప్పు నాన్నా. టీచర్ ఆంటీ. చెప్పు."

పిల్లవాడు మొదటి మాట అన్నాడు. రెండో మాట తల్లి అంది. మూడో మాట తండ్రి అన్నాడు. పిల్లవాడు మళ్ళీ నోరు తెరిచేలోపు ఇద్దరూ కలిసి అన్నారు. చివరికి పద్యం మొత్తం వాళ్ళిద్దరే చెప్పి, పిల్లవాడి వీపు తట్టి, "వీడికి అన్నీ వచ్చు ఆంటీ, సిగ్గు" అన్నారు. ఆ పిల్లవాడు తన సాక్సు కేసి చూసుకుంటున్నాడు. అద్దంలో నా ముఖం చూసినట్టే ఉంది. వాళ్ళకేమైనా చెబుదామనుకున్నాను గానీ ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఆ వారంలో సహస్రతో మాట్లాడాలని రెండు మూడుసార్లు దాని గది దాకా వెళ్ళాను. "ఐయామ్ ఫైన్, అత్తా" అనేది తలుపు సగం తీసి. ఆ మాటలో కోపం ఉన్నా బాగుండేది.

స్లౌ

రాత్రి విమానం కాబట్టి ఆదివారం మధ్యాహ్నం పెట్టెలు కారులో వేసుకునే బయలుదేరాం. స్లౌ నుంచి విమానాశ్రయం దగ్గరే. రవికి ఆసుపత్రిలో డ్యూటీ పడింది, మాధవి కారు నడిపింది. నన్ను సాగనంపాలి కాబట్టి సహస్ర వచ్చింది. హాలు ముందు కారు ఆగాక మాత్రం దిగలేదు, చెవుల్లో పాటలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుండిపోయింది.

లోపల నాకోసం బ్యానరు కట్టారు. మన సంగతి తెలిసిందే కదా, నలుగురు తెలుగువాళ్ళు చేరిన చోట శాలువా లేకుండా ఉండదు. పిల్లలను వెనక్కు నెట్టి పెద్దవాళ్ళంతా ముందు కుర్చీల్లో కూర్చున్నారు. అధ్యక్షుడైన పెద్దాయన నా మీద జరీ శాలువా కప్పి, పిల్లలను బడి వైపు ఎలా తిప్పుకోవాలో టీచర్ గారు ఇప్పుడు చెబుతారని మైకు చేతికిచ్చారు. ఆ శాలువా నాకు బరువైంది. తీసి కుర్చీ మీద వేశాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. యూదుల హాలు, వంకర కుర్చీలు, పెదవులు కదిపి ఊరుకున్న తాతగారు. నా మేనకోడలు కథ నేను లాక్కున్నది కూడా చెప్పాను. "మనం పిల్లలు రావడం లేదంటున్నాం. వచ్చిన పిల్లకు చోటియ్యకుండా నిలబడింది నేను. మీరు చెయ్యవలసింది వెనక కూర్చుని నోరు మూసుకోవడం. నాకది చేతకాలేదు" అని మైకు ఇచ్చేశాను. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు గారు మైకు అందుకుని, "టీచర్ గారు చెప్పిందేంటంటే..." అని మొదలుపెట్టి, పెద్దవాళ్ళు తక్కువ మాట్లాడవలసిన అవసరం గురించి చాలాసేపు మాట్లాడారు. పిల్లలు నేల మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నారు.

నేను బయటికి వచ్చి కారు వెనక సీట్లో కూర్చున్నాను. వాన అద్దాల మీద పడుతోంది.

"సహస్రా, నాది తప్పు" అన్నాను. "నీ కథ నీ నోట్లోంచి లాగేసుకున్నా. పైగా తప్పు కథ చెప్పా."

"ఇట్స్ ఓకే."

"మీ నాన్నమ్మ ఎందుకు పోలేదో నాకు తెలీదు. నాకెప్పుడూ చెప్పలా. ఉయ్యాల మీంచి పడ్డాననే చెప్పింది."

సహస్ర చెవుల్లోవి తీసేసి వెనక్కి తిరిగింది. "నిజంగా నీకు తెలీదా?" తెలుగులో అడిగింది.

"నిజంగా తెలీదు."

"నాన్నకి?"

"మీ నాన్నకీ తెలీదు. నీకొక్కదానికే చెప్పింది."

చాలాసేపు నన్నే చూసింది. ఆ చూపు చూసి నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టగానే నా నోరు ఊరుకోలేదు. "చెప్తావా మరి?" అన్నాను.

"నీకు కాదు" అంది. గొంతులో కోపం లేదు, ఉన్న విషయం చెప్పినట్టు చెప్పింది. "చెప్తే నువ్వు కరెక్ట్ చేస్తావు."

చెయ్యనని చెప్పడానికి నోరు తెరిచాను. నా మాట నాకే నమ్మకం కాలేదు. మూసుకున్నాను. సహస్ర కాసేపు హాలు వైపు చూసింది. అద్దాల తలుపు వెనక అధ్యక్షుడు గారి చెయ్యి ఇంకా ఆడుతూనే ఉంది, పిల్లలు నేల మీద దొర్లుతున్నారు. అది తలుపు తీసి, టోపీ నెత్తి మీదికి లాక్కుని, "నువ్వు ఇక్కడే కూర్చో అత్తా. లోపలికి రావద్దు" అని దిగి వెళ్ళింది.

అద్దాల్లోంచి చూశాను. అది మైకు తీసుకోలేదు. ఏదో అని వెనక గోడ వైపు చెయ్యి చూపించింది. పెద్దవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని, కుర్చీలు ఎత్తుకుని వెనక్కి జరిగారు. పిల్లలు దాని చుట్టూ చేరారు. సహస్ర నేల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది, పైకి చూసింది. పిల్లలు ఆగారు. మళ్ళీ చెప్పింది. ఒకసారి గడ్డం మీద వేలు పెట్టి చూపించింది. చిన్నవాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తున్నారు, ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా నవ్వారు. కారు తలుపు పిడి మీద నా చెయ్యి ఉంది. నాలుగడుగులు వేస్తే వినిపిస్తుంది. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అంత దూరం వెళ్ళి నేను చేసిన మంచి పని అదొక్కటే, అది కూడా ఆ పిల్ల చెబితే చేశాను.

బాపట్ల వచ్చాక మాధవి ఫోన్ చేస్తూనే ఉంది. సహస్ర ప్రతి ఆదివారం తరగతి తీసుకుంటోందట, దాని స్నేహితులు ఇద్దరు వస్తున్నారట. మొన్న ఫోన్‌లో మాధవి తనంతట తానే అంది, "ఆ రోజు వెనక కూర్చుని నేనూ విన్నా వదినా. అత్తగారి కథ. చెప్పనా?" నోటిదాకా వచ్చింది చెప్పమని. వద్దన్నాను. చెప్పవలసింది సహస్ర. ఎప్పుడు చెబుతుందో, అసలు చెబుతుందో లేదో నాకు తెలియదు, అడిగే ముఖమూ నాకు లేదు.

మా అమ్మ గడ్డం మీద ఆ మచ్చ ఎలా వచ్చిందో స్లౌలో ఏడెనిమిదేళ్ళ పిల్లలందరికీ తెలుసు. ఆమె పెద్దకూతురికి తెలియదు.